ముక్క పరీక్ష

గర్భసంచికి క్యాన్సర్ అని నోటితో చెప్పిన ఆసుపత్రివాళ్ళే, కాగితం మీద మాత్రం మామూలు గడ్డలని రాసుకుంటామనేసరికి, సంతకం పెట్టబోతున్న తబితా చేతిలో పెన్ను ఆగిపోయింది.

సోమవారం పొద్దున పదిన్నరైంది. ఆపరేషన్ గురువారం. ఒంట్లో సత్తువ లేక ఆమె కౌంటరు బల్లకి ఆనుకుని నిలబడి ఉంది. మూడు వారాలుగా ఆగి ఆగి రక్తం పోతోంది. పది పన్నెండు రోజుల కిందట లోపల పరీక్ష చేసిన డాక్టరుగారు, గర్భసంచి మూతి దగ్గర పుండులాంటి కండ పెరిగిందనీ, ముట్టుకుంటే నెత్తురొస్తోందనీ, స్కానింగులో పొత్తికడుపులో బిళ్ళలు కూడా కనపడుతున్నాయనీ, మొత్తం తీసేయడమే మార్గమనీ చెప్పారు. ఆమె బల్ల దిగి చెప్పులు వేసుకునేలోపే ఆయన ఆ మాట చెప్పడం, బయటికి నడవడం కూడా అయిపోయాయి.

కౌంటరులో మనిషి మెడలో వేలాడే కార్డు మీద సురేష్ అని రాసి ఉంది. అతను విసుక్కోలేదు, మర్యాదగానే విడమర్చి చెప్పాడు.

"క్యాన్సర్ అని పెడితే ఆరోగ్య కార్డు వాళ్ళు ముక్క పరీక్ష రిపోర్టు అడుగుతారమ్మా. గడ్డలని పెడితే స్కానింగు చాలు. తీసేది ఎలాగూ అదే కదా."

ముక్క పరీక్ష అంటే ఏమిటని తబితా అడిగింది. పుండులోంచి చిన్న ముక్క తీసి, అది క్యాన్సరో కాదో చూడ్డానికి ల్యాబుకి పంపడమట. అదే చేయించమంది. కత్తి తగిలితే పాకుతుందని మా డాక్టరుగారు చేయరు, అన్నాడు సురేష్. గురువారం పెట్టబోయేది మాత్రం కత్తి కాదా అని ఆమెకు నోటిదాకా వచ్చింది. పక్కనే నిలబడ్డ ఆమె భర్త మార్టిన్ అసహనంగా కదిలాడు.

"పెట్టెయ్ తబితా. వాళ్ళకి తెలీదంటావా, నీకే తెలుసంటావా?"

తబితా పద్నాలుగేళ్ళుగా మామిడికాయలు ఏరుతోంది. విస్సన్నపేట రోడ్డులో సత్యనారాయణగారి ప్యాకింగ్ షెడ్డులో కాయని రకాలుగా విడదీసే పని ఆమెదే. సొన కారి మచ్చపడ్డ బంగినపల్లిని మొదటి రకం ట్రేలో సర్ది పైన చీటీ మార్చిన వాళ్ళని ఆమె చూసింది. చీటీ మార్చేవాడు కాయ సంగతి ఆలోచించడు, లారీ కదలడం సంగతే ఆలోచిస్తాడు. ఇక్కడ కాయ తనే.

పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. తన కాగితాలన్నీ తనకి ఇచ్చెయ్యమంది. ఆపరేషన్ కాకుండా ఫైలు బయటికి ఇవ్వరన్నాడు సురేష్. ఆమె పక్కకి జరగలేదు. వెనకాల వరస పెరిగింది. ఎవరో గొణిగారు, ఎవరి బిడ్డో ఏడ్చింది. మార్టిన్ మోచెయ్యి పట్టుకు లాగాడు. ఆమె బల్ల అంచు వదల్లేదు. పావుగంట తర్వాత సురేష్ లోపలికి వెళ్ళి, పచ్చ రంగు ఫైలొకటి తెచ్చి ఆమె ముందు పడేశాడు.

దారంతా మార్టిన్ తిడుతూనే ఉన్నాడు. చావాలనుందా, నవ్య సంగతేంటి అన్నాడు. నవ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, గుడివాడలో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. నవ్య పేరెత్తేసరికి తబితాకి కళ్ళు మండాయి గానీ ఫైలు మాత్రం వదల్లేదు. మధ్యాహ్నానికి అతను లారీ తీసుకుని మామిడి లోడుతో నాగపూర్ వెళ్ళిపోయాడు. శనివారం వస్తాడు. వచ్చేసరికి బుద్ధి తెచ్చుకుని ఆపరేషన్‌కి సిద్ధంగా ఉండమన్నాడు.

ఆమె షెడ్డుకి వెళ్ళింది. మే నెల, కాయ దండిగా వస్తోంది. ట్రాక్టరు నుంచి దింపిన కాయ గడ్డి మీద గుట్టగా పోసి ఉంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ముచ్చికలు కత్తిరించి, సొన కారిపోవడానికి కాయల్ని తలకిందులుగా పేరుస్తున్నారు. తబితాని చూడగానే ఇద్దరు లేచి ఆమె కోసం ప్లాస్టిక్ కుర్చీ వేశారు. క్యాన్సర్ అని తెలిసిన దగ్గర్నుంచీ ఆమెను ఎవరూ ట్రే ఎత్తనివ్వడం లేదు. మంచినీళ్ళు చేతికి తెచ్చి ఇస్తున్నారు. తన ముందు కాయ విసిరిందని మునుపు తబితాతో నెలరోజులు మాట్లాడని మనిషి కూడా ఇంట్లోంచి జావ తెచ్చిపెట్టింది. ఆ రోగానికి అంత మర్యాద ఉంది.

ఆమె పక్కన కూర్చునే రేవతి అన్నీ విని, కత్తెర ఆపకుండానే, నాక్కూడా గడ్డలనే రాశారక్కా అంది. రేవతికి ముప్పై నాలుగు. మూడేళ్ళ కిందట అదే ఆసుపత్రిలో గర్భసంచి తీశారు. అప్పట్నుంచి నడుం వంగితే లేవలేదు. "ముక్క పరీక్ష అన్నమాటే నేను వినలేదు," అంది. బెజవాడలో ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆడడాక్టర్లు ఉంటారనీ, పొద్దున్నే పోతే చీటీ దొరుకుతుందనీ చెప్పింది.

ఇంట్లో అత్త మగ్దలేనమ్మ ఉపవాసంలో ఉంది. కోడలికి రాచపుండు అని తెలిసిన రోజు నుంచి ఆవిడ పగలు పచ్చిమంచినీళ్ళు తప్ప ముట్టలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి. కోడలితో ఆవిడకి ఏనాడూ సఖ్యత లేదు, ఏ గొడవలోనైనా కొడుకు మాటే ఆవిడ మాట. కానీ ఇప్పుడు మోకాళ్ళ మీద నిలబడి నిలబడి మోకాలిచిప్పలు నల్లగా కమిలిపోయాయి. రేపు బెజవాడ వెళ్తానంటే, ఎందుకని అడగలేదు. బైబిల్లోంచి ఒక మాట చదివి, నెత్తిమీద చెయ్యి పెట్టి పంపింది.

పెద్దాసుపత్రిలో తబితా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు దారంతో మెడకి కట్టుకుంది. పరీక్ష చేసింది, నొప్పిగా ఉంటుంది ఓర్చుకోమని ముందే చెప్పి ముక్క తీసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, తబితా తెచ్చిన పచ్చ ఫైలు ఒక్కొక్క కాగితమే తిప్పింది. ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. అది ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షల పట్టీ. దాన్ని వెలుగుకి పెట్టి చూసి, తేదీ చూసి, మళ్ళీ చూసింది.

"ఇది వాళ్ళు మీకు చెప్పలేదా?"

ఏమిటండీ అంది తబితా.

డాక్టరమ్మ నర్సుని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పింది. ముక్క రిపోర్టు వారానికి గానీ రాదు, అదొస్తేనే ఖాయంగా చెప్పగలను, కానీ ఇది నాకు క్యాన్సర్‌లా అనిపించడం లేదు. సిఫిలిస్ అంటారు. పాతవాళ్ళు సవాయి అనేవారు. అది ఆ చోట పుండు వేస్తే అచ్చం క్యాన్సర్ లాగే ఉంటుంది, బిళ్ళలు కూడా కడతాయి, తొందరపడి చూస్తే ఎవరైనా పొరబడతారు. పొరబడకుండా ఉండడానికే ఈ రక్తపరీక్ష. మీ ఫైల్లో పన్నెండు రోజుల కిందటే ఉంది. ఎవరూ చదవలేదు.

తబితాకి మొదట వినపడింది సవాయి అన్న మాట ఒక్కటే. చిన్నప్పుడు పెద్దవాళ్ళ తిట్లలో విన్నమాట. ఆ మాట తన ఒంటికి ఎలా అంటుకుందో అర్థం కాలేదు. నేనలాంటి దాన్ని కాదండీ అంది. డాక్టరమ్మ ఆ మాటకి కాగితాలు పక్కన పెట్టేసింది.

"మీరేం చేశారని నేను అడగలేదమ్మా. మీవారికి ఈ మధ్య అక్కడ ఎప్పుడైనా పుండు వేసిందా?"

తెలియదంది. నిజంగానే తెలియదు. లారీ మీద వెళ్ళి వచ్చే మనిషి ఒంటిని దీపం పెట్టి చూసే ఆడది ఎవరుంటుంది?

మళ్ళీ రక్తం తీశారు. సాయంత్రానికి అదే ఫలితం వచ్చింది. ఎయిడ్స్ లేదన్నారు, మూడు నెలలకి మళ్ళీ చూడాలన్నారు. పెన్సిలిన్ పడుతుందో లేదో చేతికి చిన్న సూదితో చూసి, రెండు వైపులా తుంటికి సగం సగంగా ఇంజెక్షన్ పొడిచారు. మందు చిక్కగా, రాయిలా దిగింది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు కాబట్టి వారానికొకటి చొప్పున మూడు వారాలు వేయించుకోవాలి. భర్త కూడా రావాలి. ఆయనకి వైద్యం జరగకపోతే మీకు తగ్గినా మళ్ళీ వస్తుంది అని చెప్పి, గది నంబరు రాసిన చీటీ ఒకటి ఇచ్చింది డాక్టరమ్మ. దాని మీద రోగం పేరు లేదు.

బస్సులో తుంటి మీద కూర్చోలేక, ఖాళీ సీట్లున్నా నిలబడే నూజివీడు దాకా వచ్చింది తబితా. పన్నెండు రోజుల కిందటి కాగితం. దాన్ని ఎవరైనా చదివి ఉంటే ఈ పన్నెండు రోజులూ తను తన కూతురి పెళ్ళి ఎవరు చేస్తారా అని ఏడ్చి ఉండేది కాదు. నల్లగా కమిలిన ఆ ముసలి మోకాళ్ళు కమిలేవి కావు. ఏడవాలనిపించలేదు.

ఆ నాలుగు రోజులూ ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. మార్టిన్‌తో ఏమనాలో మాత్రం కాయ ఏరుతూ రోజంతా లోపల చెప్పుకుంది. అతను నమ్మడనుకుంది. అరుస్తాడనుకుంది, నువ్వెక్కడ తెచ్చుకున్నావంటాడనుకుంది. ప్రతిదానికీ జవాబు సిద్ధం చేసుకుంది.

శనివారం మధ్యాహ్నం లారీ వచ్చి షెడ్డు వెనకాల ఆగింది. మార్టిన్ దిగి, పట్టా తాళ్ళు విప్పి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మిగతావాళ్ళు అన్నాలకి కూర్చున్నారు. తబితా వెళ్ళి చీటీ చూపించింది. డాక్టరమ్మ మాటలన్నీ చెప్పింది, ఆ పేరుతో సహా.

అతను అరవలేదు. కుళాయి కట్టేసి, చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూశాడు. గొంతు తగ్గించి, "నాకది శ్రమ దినాల్లోనే తగ్గిపోయింది," అన్నాడు.

తబితా సిద్ధం చేసుకున్న జవాబుల్లో దీనికి జవాబు లేదు. శ్రమ దినాలంటే ఈస్టరుకి ముందు, మార్చి మొదట్లో. అప్పట్లో లోడు నుంచి వచ్చాక తనకి చిన్న పుండు వేసిందనీ, నొప్పి కూడా లేదనీ, దారిలో ఒక ఊళ్ళో ఆర్‌ఎంపీకి చూపిస్తే పైపూతకి మందిచ్చి, రక్తపరీక్ష చేయించుకో, మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు అన్నాడనీ, రెండు వారాల్లో పుండు దానంతటదే మానిపోయింది కాబట్టి ఊరుకున్నాననీ ముక్కలు ముక్కలుగా బయటపెట్టాడు. కళ్ళెత్తలేదు. తడి కాళ్ళకేసి చూసుకుంటూ చెప్పాడు.

"నాకు క్యాన్సరన్నప్పుడు నీకిది గుర్తు రాలేదా?"

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె అతన్ని మీరనే పిలిచింది. ఆ నువ్వు ఎప్పుడు దొర్లిందో ఆమెకే తెలియలేదు. అతనికి మాత్రం తెలిసింది, తలెత్తాడు.

"పెద్ద డాక్టరే చెప్పాడు కదా. ఆయన కాదన్నది నేనేం అంటాను? అమ్మకి తెలిస్తే, నవ్యకి తెలిస్తే ఏమవుద్ది? తీసేస్తే దాంతోపాటే పోద్ది కదా అనుకున్నా."

అనుకున్నాడు. సోమవారం కౌంటరు దగ్గర మోచెయ్యి పట్టుకు లాగినప్పుడు అతనికి తెలుసు. సంతకం పెట్టెయ్ అన్నప్పుడు తెలుసు. తను బతకనేమోనని అతని ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చిన రోజు, వీపు నిమురుతూ కూర్చున్నాడే, అప్పుడూ తెలుసు. తన గర్భసంచిని కోసి పారేయిస్తే అతని రంకు కూడా అందులో కొట్టుకుపోతుందని లెక్క వేసుకుని కూర్చున్నాడు.

చీటీ అతని చొక్కా జేబులో పెట్టి, మంగళవారం తనతో రావాలంది. ఆ గది ముందు నిలబడలేనన్నాడు, మనవాళ్ళెవరైనా చూస్తే తలెత్తుకు తిరగలేనన్నాడు. ఆమె షెడ్డులోకి వెళ్ళి కత్తెర తీసుకుని కూర్చుంది. ముచ్చిక మరీ దగ్గరగా కత్తిరించేసరికి సొన చిమ్మి మణికట్టు మీద పడింది. వెంటనే తుడుచుకోకపోతే కాలి బొబ్బెక్కుతుందని ఆమె ఎంతమందికో నేర్పింది. తుడుచుకోలేదు. సాయంత్రం దాకా అలా కత్తిరిస్తూనే ఉంది.

మంగళవారం అతను రాలేదు. రేవతి వచ్చింది. ముక్క రిపోర్టు వచ్చిందనీ, క్యాన్సర్ జాడ ఎక్కడా లేదనీ, పుండు అప్పుడే మానుముఖం పట్టిందనీ డాక్టరమ్మ చెప్పింది. భర్త గురించి అడిగి, ఆయనకి వైద్యం అయ్యేదాకా దగ్గరికి రానివ్వద్దంది. రెండో ఇంజెక్షన్ వేయించుకుని బయటికి వచ్చేసరికి రేవతి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. తబితా ఆమెకి అప్పటికే అంతా చెప్పేసింది.

"నాక్కూడా రక్తం తీశారక్కా అప్పుడు," అంది రేవతి. "ఆ కాగితంలో ఏముండేదో."

తిరిగొస్తూ ఇద్దరూ ఆ ప్రైవేటు ఆసుపత్రి దగ్గర దిగారు. మూడేళ్ళ కిందటి ఫైళ్ళు ఉండవని సురేష్ తల ఎత్తకుండానే చెప్పాడు. రేవతి వెనక్కి తిరిగింది. తబితా మాత్రం తన రక్తపరీక్ష పట్టీ బల్ల మీద పరిచి, ఆ తేదీ మీద వేలు పెట్టి, మీ డాక్టరుగారిని ఇది చదవమనండి అంది. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారన్నాడు. ఎవరిదండీ అంది తబితా. అతను వెనకున్నవాళ్ళ కాగితాలకి చెయ్యి చాపాడు. పక్క బెంచీ మీద ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకామెతో, ముక్క పరీక్ష చేశారా అడుగమ్మా అని చెప్పి బయటికి వచ్చింది.

క్యాన్సర్ లేదట అన్న మాట బుధవారానికల్లా ఊరంతా తెలిసింది. చెప్పింది మార్టిన్. రిపోర్టు సగమే చెప్పాడు. మగ్దలేనమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక ఏడ్చింది, దేవుడు తన మొర విన్నాడని కోడలి రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. పాస్టరుగారు ఇంటికి వచ్చి, ఆదివారం మందిరంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలన్నారు. సంఘమంతా వంతులేసుకుని గొలుసు ప్రార్థన చేసింది, వాళ్ళ విశ్వాసం బలపడుతుందన్నారు. తబితా తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఆయన వెళ్ళాక మార్టిన్ చిన్నగా, దేవుడు చేశాడంటే నీకేం పోయింది అన్నాడు. సోమవారం మళ్ళీ లోడు ఒప్పుకున్నానని కూడా అన్నాడు.

ఆదివారం మందిరం నిండిపోయింది. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అత్తాకోడళ్ళు స్తంభం పక్కన కూర్చున్నారు. సాక్ష్యాల సమయం అనగానే, పాస్టరుగారు పిలవక ముందే మార్టిన్ లేచి మైకు అందుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. డాక్టర్లు చేతులెత్తేశారనీ, రాచపుండన్నారనీ, తను లారీ స్టీరింగు మీద తల పెట్టి కన్నీటితో ప్రార్థించాననీ, రిపోర్టు తిరిగి తీస్తే రోగం మాయమైందనీ చెప్పాడు. మధ్యలో గొంతు పూడుకుపోయింది. హల్లెలూయా అని మందిరం మోగింది. వెనకాల ఎవరో ఆడమనిషి వెక్కుతోంది.

అప్పటిదాకా తబితా ఏమీ నిశ్చయించుకోలేదు. ఊరుకుందామనే ఎక్కువసార్లు అనిపించింది. నవ్యని తలుచుకుంటే ఊరుకోవడమే మేలనిపించింది. కానీ అతని గొంతు పూడుకుపోవడం నటన కాదని ఆమెకి అర్థమైంది. అతను నిజంగానే నమ్మేశాడు. ఆమెకి క్యాన్సర్ వచ్చిందని, తన ప్రార్థనకే తగ్గిందని. ఇంకో నెలకి ఆ పుండు సంగతి అతనికే గుర్తుండదు.

పాస్టరుగారు ఆమెను పిలిచారు. వెళ్ళి మైకు తీసుకుంది. ఆమె చేతి మీద బొబ్బ మాని నల్లమచ్చ పడింది.

"అందరికీ వందనాలు. నాకోసం మీరంతా ప్రార్థన చేశారు, మా అత్తయ్య ఈ వయసులో కడుపు మాడ్చుకుంది. అది నేను మర్చిపోను. కానీ నాకు క్యాన్సర్ తగ్గలేదు. నాకసలు క్యాన్సర్ రాలేదు. నాకొచ్చింది సవాయి. మా ఆయన దగ్గర్నుంచి వచ్చింది. ఆ సంగతి ఆయనకి మార్చి నుంచీ తెలుసు. తెలిసి కూడా నన్ను ఆపరేషన్‌కి సంతకం పెట్టమన్నాడు. నాకు రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, ఎల్లుండి మూడోది. ఆయనకి ఒక్కటీ పడలేదు. రానంటున్నాడు. వచ్చేలా ప్రార్థన చేయండి."

మైకు స్టాండు మీద పెట్టి వచ్చింది. ఆమె కూర్చున్న చాప మీద నుంచి ఒకామె తన పిల్లని లాగి అవతల కూర్చోబెట్టుకుంది. జావ తెచ్చిపెట్టిన మనిషే. తబితా చూసింది. కోపం తగ్గుతుందనుకుంది, తగ్గలేదు. మగవాళ్ళ వైపు మార్టిన్ మోకాళ్ళ మధ్యకి తల వంచుకుని కూర్చున్నాడు. అతని పక్కవాళ్ళెవరూ కదల్లేదు. పాస్టరుగారు మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

పక్కన మగ్దలేనమ్మ స్తంభం పట్టుకుని లేస్తోంది. తబితా చెయ్యి అందించబోయి ఆగింది. కొడుకుని సంఘంలో నిలబెట్టి పరువు తీశావని అంటుంది, అననీ అనుకుంది. దానికి కూడా జవాబు ఉంది తన దగ్గర.

"ఎల్లుండి బస్సు ఎన్నింటికి?" అంది మగ్దలేనమ్మ.

"ఆరున్నరకి, అత్తయ్యా."

ఆవిడ మగవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నావుగా. లోడు లేదు ఏమీ లేదు. నేను కూడా వస్తున్నా."

కూర్చుంది. పాస్టరుగారు అందర్నీ కళ్ళు మూసుకుని ప్రార్థించమన్నారు. తలలన్నీ వంగాయి. తబితా మూసుకోలేదు. పక్కకి చూస్తే, మగ్దలేనమ్మ కూడా మూసుకోలేదు. కొడుకు మీంచి చూపు తిప్పకుండా, ప్రార్థన ముగిసేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.